అమ్మ దవాఖాన చీటీ ఎవరు చదవాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాం. నీళ్ళ పప్పు, ట్రంకు పెట్టెలు, కాస్మెటిక్ చార్జీల కోసం ఎదురుచూపులు... ఇవి ప్రతి సంచికలో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఈసారి నవ్వు పుట్టించని సంగతి ఒకటి రాస్తున్నాం. ఓపికగా చదవమని కోరుతున్నాం.

మేము ఈ హాస్టల్ అన్నం తిని చదివి, ఇప్పుడు డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీలో పీజీ చేస్తున్నవాళ్ళం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటివాళ్ళం. మా అమ్మలు బీడీలు చేస్తారు, నాట్లకు పోతారు. మా నాయినలు బోధన్ చుట్టుపక్కల చెరకు కొట్టారు, బండ్లకెత్తారు. 2015 డిసెంబర్‌లో షుగర్ ఫ్యాక్టరీ మూతబడ్డాక దొరికిన పనల్లా చేశారు.

మాలో ఒకరి అమ్మకు నెలసరి ఆగిపోయిన రెండేళ్ళకు మళ్ళీ రక్తం కనబడింది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర గోళీలు తెచ్చుకుంది. ఆరు నెలలు గడిచాయి. చివరికి టౌన్లో ఒక దవాఖానకు పోతే చూసి, చీటీ రాసిచ్చి పంపారు. ఏం రాశారో విడమరిచి చెప్పినవాళ్ళు లేరు. ఆమె ఆ చీటీ తెచ్చి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న బిడ్డ చేతిలో పెట్టి, "ఏం రాసిండ్రు బిడ్డా?" అని అడిగింది. బిడ్డ చదివాడు. అక్షరాలు తెలిశాయి, మాట తెలియలేదు. ఇంటికంతా చదువుకున్నవాడు కదా, తెలియదని చెప్పడానికి నామోషీ! "ఏం లేదమ్మా, టెస్టు రాసిండ్రు, మెల్లగ పోదాం" అన్నాడు. ఆ చీటీ ట్రంకు పెట్టెలో పాత సర్టిఫికెట్ల కింద నాలుగు నెలలుంది. దాని మీద రాసి ఉన్న మాట బయాప్సీ. అంటే ముక్క తీసి కేన్సరా కాదా అని చూసే పరీక్ష. హైదరాబాద్ పోయేసరికి జబ్బు ముదిరింది. మరుసటి ఏడు ఆ అమ్మ లేదు.

ఆ బిడ్డ ఎవరో చెప్పం. ఆ స్థానంలో మాలో ఎవరున్నా అదే చేసేవాళ్ళం.

అందరూ "రాత" అన్నారు. మేమూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాం. కానీ యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చుని లెక్కలు వెతికినప్పుడు ఆ మాట మీద నమ్మకం పోయింది.

మన దేశంలో ఎవరు దేనివల్ల చనిపోతున్నారో తెలుసుకోవడానికి పది లక్షలకు పైగా ఇళ్ళకు పోయి, చనిపోయినవాళ్ళ లక్షణాలు ఇంటివాళ్ళను అడిగి రాసిన పెద్ద పరిశోధన ఒకటుంది. అందులోని కేన్సర్ లెక్కలు 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. 2010లో మన దేశంలో 5,56,400 మంది కేన్సర్‌తో చనిపోయారని అందులో అంచనా. వారిలో నూటికి 71 మంది 30 నుంచి 69 ఏళ్ళ లోపువాళ్ళు. అంటే ముసలితనంలో పోయినవాళ్ళ కంటే పిల్లలు చదువుకుంటుండగా పోయినవాళ్ళే ఎక్కువ.

ఆ పరిశోధనలో మమ్మల్ని నిలబెట్టేసిన లెక్క ఇంకొకటి. ఆ వయసు వాళ్ళలో లక్ష మందికి పల్లెల్లో 95.6 మంది మగవాళ్ళు చనిపోతే పట్నాల్లో 102.4 మంది. ఆడవాళ్ళలో పల్లెల్లో 96.6, పట్నాల్లో 91.2. పెద్ద తేడా లేదు. అదే చదువును బట్టి చూస్తే? చదువు రాని ఆడవాళ్ళలో లక్షకు 106.7 మంది చనిపోతే, బాగా చదువుకున్న ఆడవాళ్ళలో 43.4 మంది. మగవాళ్ళలో 106.6, 45.7. రెండింతలకు పైనే! పల్లెకూ పట్నానికీ మధ్య లేని అగాధం, బడికి పోయినవాళ్ళకూ పోనివాళ్ళకూ మధ్య ఉంది. మా అమ్మలు ఆ గీతకు ఆ పక్కన, మేము ఈ పక్కన. ఒకే ఇంట్లో!

అక్షరాలు రాకపోవడం వల్లనే కేన్సర్ రాదు. చదువు లేని చోట పేదరికం ఉంటుంది, పొగాకు ఉంటుంది, చిన్న వయసులో పెళ్ళి, వరస కాన్పులు ఉంటాయి, వీటన్నిటి మీదా ఆలస్యం ఉంటుంది. అదే పరిశోధన ప్రకారం మగవాళ్ళ కేన్సర్ చావుల్లో నూటికి 42, ఆడవాళ్ళ చావుల్లో 18 పొగాకుతో ముడిపడ్డ కేన్సర్లవే. మగవాళ్ళను ఎక్కువగా చంపుతున్నది నోరు, గొంతు కేన్సర్. 2010లో ఆడవాళ్ళను ఎక్కువగా చంపింది గర్భసంచి మూతి కేన్సర్. ఈ రెండూ ముందుగా కనిపెట్టగలిగినవే కావడం మనకు మరీ బాధ కలిగించాలి.

ప్రాంతాన్ని బట్టి కూడా తేడాలున్నాయి. ఉత్తరాంధ్రలో చుట్టను మంట లోపలికి పెట్టుకుని తాగే 'అడ్డపొగ' అలవాటు ఆడవాళ్ళలో ఎక్కువ. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని పరీక్షించిన పరిశోధన 1971లో అచ్చయింది. వేరే చోట్ల అరుదుగా వచ్చే అంగిలి జబ్బులు అక్కడ ఎందుకొస్తున్నాయో అది చూపింది. మన జిల్లాలో అడ్డపొగ లేదు. బీడీ ఉంది. పొద్దంతా ఒడిలో చాట పెట్టుకుని తంబాకు మధ్య కూర్చునే మన అమ్మల్లో కొందరికి దాన్ని చిటికెడు నోట్లో పెట్టుకోవడం అలవాటవుతుంది. బీడీగా కాల్చినా, నమిలినా పొగాకు కేన్సర్ తెస్తుంది. బీడీ మన ఇంటికి బువ్వ పెట్టింది, మా ఫీజు కట్టింది. ఆ రుణం మాకు తెలుసు. రుణం ఉందని విషాన్ని విషం అనకుండా ఉండలేం.

మరి మన నిజామాబాద్ జిల్లాలో ఏ కేన్సర్ ఎంత ఉంది? జాతీయ కేన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికలో తెలంగాణ నుంచి ఒక్క హైదరాబాద్ జిల్లా లెక్కే ఉంది. మనం ఆ పట్టికలో లేం. అదే పట్టికలో మిజోరంలోని ఐజ్వాల్‌లో లక్ష మంది మగవాళ్ళకు 269 మందికి కొత్తగా కేన్సర్ వస్తుంటే, మరాఠ్వాడాలోని ఉస్మానాబాద్, బీడ్ జిల్లాల్లో 40 మందికి కూడా రావడం లేదని ఉంది. చూసి సంతోషించాలా? జబ్బు ఎంతమందికి వచ్చిందన్నది ఒక లెక్క, వచ్చినవాళ్ళలో ఎంతమంది బతికారన్నది ఇంకొక లెక్క. 2022లో అమెరికాలో దాదాపు 24 లక్షల మందికి కొత్తగా కేన్సర్ వస్తే 6 లక్షల మంది చనిపోయారని, మన దేశంలో 14 లక్షల మందికి వస్తే 9 లక్షల మందికి పైగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ అంచనా. జబ్బు అక్కడ ఎక్కువ, చావు ఇక్కడ ఎక్కువ. ఆ అమెరికాలోనూ నల్లజాతి స్త్రీలకు రొమ్ము కేన్సర్ తెల్లవాళ్ళ కంటే కొంచెం తక్కువే వస్తుంది, చావులు మాత్రం దాదాపు నూటికి 40 వంతులు ఎక్కువ. వెనక్కి నెట్టబడ్డవాళ్ళ కథ ఎక్కడైనా ఒక్కటే.

ఇక ఆశ కలిగించే సంగతికి వద్దాం. పైన చెప్పిన ఉస్మానాబాద్ ఒకప్పుడు మనతోపాటే నిజాం రాజ్యంలో ఉన్న జిల్లా. ఇప్పుడు దాని పేరు ధారాశివ్. అక్కడి పల్లెల్లో 1999 నుంచి 30 నుంచి 59 ఏళ్ళ వయసున్న 1,31,746 మంది స్త్రీలతో ఒక అధ్యయనం జరిగింది. ఒక గుంపుకు గర్భసంచి మూతి కేన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఉందేమోనని జీవితంలో ఒక్కసారి పరీక్ష చేశారు, ఉన్నవాళ్ళకు వైద్యం చేశారు. దాదాపు అంతే పెద్దదైన ఇంకొక గుంపుకు పరీక్ష చేయలేదు. ఎనిమిదేళ్ళు చూశారు. పరీక్ష చేసిన గుంపులో ఆ కేన్సర్‌తో 34 మంది, చేయని గుంపులో 64 మంది చనిపోయారు. ఒక్క పరీక్ష! వాళ్ళూ మన అమ్మల్లాగే పల్లెటూరి కష్టజీవులు. చేయని గుంపులో పోయినవాళ్ళను తలచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

ముంబై బస్తీల్లో ఇంకా చవకైన పద్ధతి చూశారు. గర్భసంచి మూతికి వెనిగర్ లాంటి ద్రావణం పూసి తెల్లమచ్చ వస్తుందేమో కంటితో చూడటం. దాదాపు లక్షన్నర మంది స్త్రీలను రెండు గుంపులు చేసి పన్నెండేళ్ళు చూస్తే, పరీక్ష చేసిన గుంపులో ఆ కేన్సర్ చావులు నూటికి 31 వంతులు తగ్గాయి. పరీక్ష చేసినవాళ్ళు పెద్ద డాక్టర్లనుకుంటున్నారా? పదో తరగతి చదివి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. మన హాస్టల్ చెల్లెళ్ళంత చదువున్నవాళ్ళు! అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. తమిళనాడులో మాత్రం దాదాపు పది మంది. అక్కడ అయినప్పుడు ఇక్కడ ఎందుకు కాదు?

పరీక్ష లేని చోట భయం రాజ్యమేలుతుంది. 2015-16 సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి, తెలంగాణలో దాదాపు ఎనిమిది మందికి తీసేశారు. "ఉంచుకుంటే కేన్సరైతది" అన్న ఒక్క మాటకు అప్పు చేసి ఆపరేషన్ చేయించుకున్న అమ్మలు మన వాడల్లో ఎందరో. నిజంగా పరీక్ష కావలసిన అమ్మకు గోళీలు, పరీక్షతో పోయేదానికి ఇంకొక అమ్మకు కోత!

ఇక్కడ మన హాస్టళ్ళ చరిత్ర ఒకటి మరవకూడదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ప్రయోగాత్మకంగా వేశారు. వారిలో చాలామంది హాస్టళ్ళలో ఉండే గిరిజన బాలికలు. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లని తర్వాత బయటపడింది. 1,948 పత్రాల మీద వేలిముద్రలే. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, ప్రపంచమంతా వేసుకుంటున్నదే. గర్భసంచి మూతి కేన్సర్ రాకుండా కాపాడుతుంది. మేము వద్దనడం లేదు, మా చెల్లెళ్ళకు కావాలనే అంటున్నాం. అయితే అడగకుండా, చెప్పకుండా, పేదపిల్లలని తేలికగా చూసి కాదు. అమ్మానాయినలను పిలిచి తెలుగులో చెప్పి, వాళ్ళు ఒప్పుకున్నాక వేయాలి.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2007లో మొదలైన ఆ పథకం మనవాళ్ళ ప్రాణాలు ఎన్నో నిలబెట్టింది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి పది లక్షలైంది. కానీ కార్డు పని చేసేది జబ్బు పేరు తేలాక. రేడియేషన్ అంటే వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు. హైదరాబాద్ మనకు 175 కిలోమీటర్లు. ఆ రోజుల కూలి, తోడు పోయినవాళ్ళ కూలి ఈ కార్డు ఇవ్వదు. సగంలో ఇంటికొచ్చేసినవాళ్ళను మేము చూశాం. ముందు కనిపెట్టడమే పేదవాడికి అన్నిటికంటే చవకైన వైద్యం.

అందుకని సర్కారును మేము అడిగేవి మూడు. మన జిల్లా కేన్సర్ లెక్క రాయాలి. బీడీలు అప్పజెప్పడానికి అమ్మలు కార్ఖానాకు వచ్చే రోజునే అక్కడికి పరీక్ష రావాలి, ఒక రోజు కూలి పోకుండా. ఏ దవాఖాన చీటీ మీదైనా ఎక్కడికి, ఎప్పటిలోగా పోవాలో తెలుగులో ఒక్క వాక్యం ఉండాలి.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మను, నాయినను కూర్చోబెట్టుకుని అడగండి. నోట్లో మూడు వారాలైనా మానని పుండు, తెల్లమచ్చ ఉన్నదా? నోరు పూర్తిగా తెరుచుకుంటున్నదా? రొమ్ములో నొప్పి లేని గడ్డ ఉన్నదా? నెలసరి ఆగాక రక్తం కనబడిందా? ముప్పై దాటినవాళ్ళకు నోరు, రొమ్ము, గర్భసంచి మూతి పరీక్షలు సర్కారు దవాఖానలో చేయాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న కార్యక్రమమే. ఏ రోజు చేస్తారో ఆశా అక్కను అడిగి, తోడు పోండి. కొడుకు అడగడానికి సిగ్గయితే చెల్లెతో అడిగించండి. సిగ్గు వల్ల మేము పోగొట్టుకున్నది చాలు.

చీటీ చేతికొస్తే చదవండి. అర్థం కాకపోతే "నాకు తెలువదు" అని అమ్మ ముందే ఒప్పుకోండి. అక్కడే, ఆ కౌంటర్ దగ్గరే, తెల్లకోటు వేసుకున్న మనిషిని ఆపి, "సార్, దీని అర్థమేంది? మేం ఎక్కడికి పోవాలె? ఎన్ని రోజుల్లో పోవాలె?" అని అడగండి. మాలో ఒకరు అడగలేకపోయిన మాటలు ఇవే.