పెద్ద తెర గల పాత ఫోను రైతునకు అక్కరకు వచ్చునా?

కేతేపల్లి ప్రాంతపు రైతు సోదరులు ఈ నడుమ మమ్ము తరచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. పెద్ద తెర గల పాత స్మార్ట్ ఫోను చౌకగా దొరకుచున్నది, కొనవచ్చునా? ఇంట మూలనున్న దానిని ఉంచుకొనవలెనా, పారవేయవలెనా? ప్రశ్న చిన్నదిగానే తోచును. కాని భూమి లెక్కయు, బ్యాంకు పైకమును, పంట అమ్మకమును నేడు ఫోనుతో ముడిపడి యున్నవి. కావున ఈ విషయమున మా అభిప్రాయమును విశదముగా వ్రాయుట యుక్తమని తలంచితిమి.

ఇట్టి ఫోనులలో పేరెన్నిక గన్నది సామ్‌సంగ్ కంపెనీ వారి గెలాక్సీ నోట్. ఇది 2011 సెప్టెంబరులో బెర్లిన్ నగరపు ప్రదర్శనమున వెలువడి, ఆ సంవత్సరమే మన దేశమునకు వచ్చినది. తెర 5.3 అంగుళములు; బరువు 178 గ్రాములు. ఇది పలక వలె నున్నదని ఆ దినములలో నవ్వినవారు పెక్కురు. నేడు ఆరంగుళములకు మించిన తెర సర్వసామాన్యమైనది. నవ్వినవారి చేతిలోను అదియే యున్నది.

దీని గుణములను న్యాయముగా చెప్పుకొందము. నలువది యేండ్లు దాటిన కంటికి చిన్న తెరపై సర్వే నంబరు, బై నంబరు, గుంటల లెక్క సరిగా ఆనవు. మీసేవలో తీసికొన్న కాగితమును ఫోటో తీసి పెద్ద తెరపై పెంచి చూచినచో ఒక్కొక్క అంకె స్పష్టముగా తెలియును. ప్రత్తి ఆకు అడుగున చేరిన పచ్చదోమను ఫోటో తీసి నలుగురికి చూపవచ్చును. దీనితో వచ్చెడి కలముతో తెరపైననే వ్రాయవచ్చును. మన చేతివ్రాత తెలుగు అక్షరములు బొమ్మగా నిలుచును. కావున ఇంగ్లీషు మీటలు తెలియనివారు సైతము కూలీల లెక్కయు, పాల లెక్కయు వ్రాసికొనగలరు. వెనుక మూతను గోటితో తీసి బ్యాటరీని మార్చుకొనవచ్చును. నేటి ఫోనులలో పెక్కింటికి ఈ సౌకర్యము లేదు. ఇయర్ ఫోను తీగ తగిలించినచో, సిమ్ కార్డు లేకున్నను, ప్రసారము అందు చోట ఎఫ్.ఎం. రేడియో వినవచ్చును.

ఇక దోషములు. అవి పైకి కనబడునవి కావు. ఈ ఫోను 3జీ కాలపుది. జియో సేవ 2016లో 4జీతోనే ఆరంభమైనది గాన, ఆ సిమ్ ఇందులో పనిచేయదు. ఎయిర్‌టెల్ వారు 2020 నాటికి 3జీని మూసివేసిరి. ఆ సిమ్ వేసినచో మాటలును, చిన్న సందేశములును తప్ప ఇంటర్నెట్ వేగముగా రాదు. రెండవది లోపలి సాఫ్ట్‌వేరు. ఆండ్రాయిడ్ 2.3తో వచ్చిన ఈ ఫోను 4.1 వద్ద నిలిచిపోయినది. 2023 అక్టోబరు 24 మొదలు ఆండ్రాయిడ్ 5.0కు తక్కువైన ఫోనులకు వాట్సాప్ వారు సేవ మానివేసిరి. దొంగల బారినుండి కాపాడు మరమ్మతులును దీనికి రావు. అదే కంపెనీ 2024లో గెలాక్సీ ఎస్24 ఫోనులకు ఏడేండ్లు మరమ్మతులు ఇత్తుమని ప్రకటించినది. తెర, కలము, కెమెరా చెడకయే ఫోను పనికిమాలినదగుట రైతు లోపము కాదు.

కావున మా అభిప్రాయమిది. తెర వెడల్పును చూచి ధర కట్టరాదు. లోపలి వయస్సును చూచి కట్టవలెను. కొనబోవువారు ముందుగా 4జీ కలదా యని, ఆండ్రాయిడ్ ఎన్నవది యని, తమ బ్యాంకు యాప్ దానిలో తెరచుకొనునా యని అంగడిలోనే పరీక్షింపవలెను. *#06# అని నొక్కినచో పదునైదంకెల ఐఎంఇఐ సంఖ్య వచ్చును. కెవైఎం అను మూడు ఇంగ్లీషు అక్షరముల తరువాత ఖాళీ విడిచి, ఆ సంఖ్యను చేర్చి 14422కు సందేశము పంపినచో ఆ ఫోను సక్రమమైనదో కాదో తెలియును. దొంగసొత్తు చౌకగా వచ్చినను లాభము కాదు.

ఇంటనున్న పాతదానిని వెంటనే పారవేయ నక్కరలేదు. ముసలి యెద్దును బరువు బండికి కట్టము, తేలికపని చేయింతుము. అట్లే దీనిని ఫోటోలకు, చేతివ్రాత లెక్కలకు, రేడియోకు వాడుకొనుడు. బ్యాంకు ఖాతాకు చేర్చిన సిమ్‌ను మాత్రము ఇందులో ఉంచకుడు. బ్యాటరీ ఉబ్బినచో మరి వాడరాదు. పొడువరాదు, నిప్పులో వేయరాదు, చేనిలో పారవేయరాదు. ఫోనును ఇతరులకు ఇచ్చునపుడు లోపలి సంగతులన్నియు చెరిపివేసి ఇయ్యవలెను.

తుదకు ముఖ్యమైన మాట. 2025లో భారత ప్రత్తి సంస్థ వారు మద్దతు ధరకు ప్రత్తి అమ్మదలచిన రైతులు కపాస్ కిసాన్ అను యాప్‌లో నమోదై తమ వంతును కోరుకొనవలెనని నిర్ణయించిరి. వంతులు పెట్టుట మంచిదే. బండ్లు రాత్రులు కాచుకొనుట తగ్గును. కాని తగిన ఫోను లేని రైతు తన ప్రత్తిని దళారికి తక్కువకు ఇచ్చుకొనవలసి వచ్చినచో, మద్దతు ధర ఎవరికి మద్దతు? పంటకు ధర పంట నాణ్యమును బట్టి రావలెను గాని చేతిలోని ఫోను వయస్సును బట్టి కాదు. ప్రభుత్వము వారు యాప్‌తో పాటు మాట ద్వారా నమోదగు మార్గమును తప్పక ఉంచవలెను. కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 ఏ చిన్న ఫోను నుండియైనను పలుకుచున్నది గదా! అట్టి యేర్పాటు అమ్మకమునకు ఏల కారాదు?

అంతవరకు మన సంఘము ఊరకుండరాదు. ప్రతి సంఘ కార్యాలయమున పెద్ద తెర గల క్రొత్త ఫోను ఒకటి ఉంచి, సభ్యుని యెదుటనే, సభ్యుడు చూచుచుండగా నమోదు చేయింపవలెను. పదిమంది రైతులు పది పాత ఫోనులు కొని మోసపోవుట కన్న, పదిమంది కలిసి మంచి ఫోనొకటి ఉంచుకొనుట మేలు. సహకారమనగా ఇదియే.