గుడిసె పక్కన నిలబడటం నేరమా?

బుల్డోజర్ కదిలే బస్తీకి రెండు కాగితాలు రావాలి. మొదటిది నోటీసు, చాలాసార్లు అది అందదు. రెండోది ఎఫ్‌ఐఆర్; అది మాత్రం ఠంచనుగా వస్తుంది. ఇల్లు పోయినవారికి తోడుగా వచ్చినవారి పేర్లు అందులో ఉంటాయి. విధులకు ఆటంకం, చట్టవిరుద్ధ సమావేశం, నిషేధాజ్ఞల ఉల్లంఘన. 2024 జూలైలో సెక్షన్ల అంకెలు మారాయి. వాటి వాడుక మారలేదు.

1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, బొంబాయి ఫుట్‌పాత్‌లపై బతికేవారు అక్కడ ఉంటున్నది నేరోద్దేశంతో కాదని, గత్యంతరం లేకనేనని గుర్తించింది. తొలగింపును మాత్రం ఆపలేదు. వానాకాలం ముగిసేదాకా వాయిదా వేసింది. గుడిసె వేసుకున్నవారికే నేరోద్దేశం లేనప్పుడు, వారి పక్కన నిలబడ్డవారికి అదెక్కడి నుంచి వచ్చింది?

2024 నవంబరు 13న అదే న్యాయస్థానం పదిహేను రోజుల నోటీసు, విచారణ, వీడియో చిత్రీకరణ తప్పనిసరి చేసింది. అందరం హర్షించాం. కానీ రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైలు పట్టాల పక్కన, నదులు, చెరువుల వద్ద ఉన్న అనధికార కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవు. నగరాల్లో నిరుపేదలు ఎక్కువగా తల దాచుకునేది అక్కడే. తీర్పు రక్షణ అందని చోట వారికి మిగిలేది సాటి మనుషుల అండ ఒక్కటే. కేసులు పెడుతున్నది ఆ అండ మీదనే.

ఆక్రమణలను వెనకేసుకొస్తే చెరువులు మిగులుతాయా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చెరువును కాపాడాల్సిందే, ముందు పునరావాసం చూపాలి. దాన్ని అడిగినవారిని జైలుకు పంపితే చెరువుకు ఒరిగేదేమిటి?

2022 ఏప్రిల్ 20న ఢిల్లీ జహంగీర్‌పురిలో కూల్చివేతలు ఆపమని సుప్రీంకోర్టు ఆదేశించిన తర్వాత కూడా యంత్రాలు ఆగలేదు. బృందా కారత్ ఆ ఆదేశంతో వెళ్లి బుల్డోజర్‌కు ఎదురు నిలిచారు. ఆనాడు విధులకు ఆటంకం కలిగించింది ఎవరు, చట్టాన్ని అమలు చేయించింది ఎవరు?

తెలుగువారికి ఈ ప్రశ్న కొత్త కాదు. 2007 జూలై 28న ముదిగొండలో, ఇళ్ల స్థలాల కోసం సాగిన భూపోరాటంలో, పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. వారు అడిగింది తల దాచుకోవడానికి కాసింత జాగా.

ఇల్లు కోల్పోయినవారికి అన్నం పెట్టడం, వకీలును వెతకడం, నోటీసు చదివి వినిపించడం పౌరధర్మాలు. వాటిని నేరాల జాబితాలో చేర్చే రాజ్యం కూలుస్తున్నది గోడలను మాత్రమే కాదు. రేపు మన ఇంటి ముందు నిలబడబోయే మనిషిని కూడా.