పెద్దమ్మ నోట్‌బుక్
తార్నాకలో మా పెద్దమ్మ ప్రభువునందు నిద్రించి రేపటికి ఏడాది. జ్ఞాపకార్థ కూడికకు ఫ్లెక్సీ వేయిద్దామని పిల్లలంటున్నారు. నేను వద్దంటున్నాను, ఆమె ప్రార్థన నోట్‌బుక్ తీసి చదవమంటున్నాను. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, చాప మీద మోకరించి, అందులో ఉన్నవాళ్ల కోసం పేరుపేరునా ప్రార్థించేది. ఎక్కువమంది ఉస్మానియా హాస్టల్ పిల్లలే: పరీక్ష ఫీజు కట్టలేనివాడు, ఉద్యోగం రాక ఊరికి మొహం చూపించలేనివాడు. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద సాయంత్రాలు కూర్చుని వాళ్ల కష్టం వినేది. ఏ మతమని ఎన్నడూ అడగలేదు. పని జరిగితే ఆ పేరు పక్కన వణికే చేత్తో, నీలి సిరాతో 'స్తోత్రం' అని రాసేది. భక్తి అంటే నాకు తెలిసింది అదే. మీ ఇంట్లోనూ అలాంటి నోట్‌బుక్ ఉంటే, దయచేసి పాత కాగితాలవాడికి వేయకండి.