అడిగిన వాళ్లకు లేదు, కట్టేసిన వాళ్లకు ఉంది

మన రాష్ట్రంలో ఉన్న ఇంటికి ఇంకో గది కలుపుకోవాలంటే రెండు దారులు. ముందుగా పోయి అడగడం ఒకటి, అడక్కుండా కట్టేసి తర్వాత జరిమానా కట్టడం ఇంకొకటి. మొదటి దారిన పోయినవాళ్లకు ‘కుదరదు’ అనే మాట దొరుకుతుంది. రెండో దారిన పోయినవాళ్లకు గది దొరుకుతుంది, కొన్నేళ్లకు ప్రభుత్వం రసీదు కూడా దొరుకుతుంది. ఇది అన్యాయం. ఇంటి చాకిరీ ఎవరి నెత్తిన ఉందో వాళ్లకు రెట్టింపు అన్యాయం.

మా ఆడబిడ్డ వాళ్ల సంగతి చెబుతాను. ఊరి పేరెందుకు గానీ, మా ఆలూరుకు చుట్టుపక్కల పట్టణాల్లో ఒకటి అనుకోండి. రెండున్నర సెంట్ల స్థలం. కింద హాలు, వంటిల్లు. పడక గదులూ బాత్రూమూ మిద్దె మీద. వాళ్ల అత్తకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మెట్ల కింద ఒక మరుగుదొడ్డి ఉంది గానీ కూర్చుంటే లేవలేని మనిషికి అదెందుకు పనికొస్తుంది? హాల్లో ఒక మూలకు చీర అడ్డం కట్టి మంచం వేశారు. వచ్చే పోయే వాళ్ల మధ్యన ఆ పెద్దామెకు గుడ్డలు మార్చాలి, ఒళ్లు తుడవాలి. మగవాళ్లు ఎవరైనా వస్తే వాళ్లు పోయేదాకా ఆమె బిగబట్టుకుని పడుకోవాలి. ఇవన్నీ ఏ ప్లాను కాగితంలోనూ గీయరు.

ఇంటి వెనక ఏడడుగుల దొడ్డి ఉంది. అక్కడొక గది, దానికి ఆనుకుని వెస్టర్న్ బాత్రూమ్ కట్టాలని వాళ్ల ఆశ. కానీ నిబంధన ప్రకారం వెనక ఒక మీటరు వదలాలి. మీటరంటే మూడడుగుల పైచిలుకు. అది తీసేస్తే మిగిలేది నాలుగడుగులు కూడా కాదు. మంచం వేస్తే మనిషి తిరగలేదు, మనిషి తిరగాలంటే మంచం పట్టదు. దొడ్డికి అవతల పక్కింటి వాళ్ల గోడ, దానికి కిటికీ లేదు. ఆ ఇంటామె తనకేమీ అభ్యంతరం లేదని కాగితం మీద రాసిస్తానంది కూడా.

ప్లాను గీసే ఇంజనీరు ఏమన్నాడో తెలుసా? ‘ఇది పెడితే ఆన్‌లైన్‌లోనే తన్నేస్తాదమ్మా. గమ్మున కట్టేసుకోండి. ఎప్పుడో ఒకప్పుడు బీపీఎస్ వస్తాది, దుడ్డు కడితే సరిపోతాది.’ ఆయన్ని నేను తిట్టను. లోకం ఎట్లా నడుస్తోందో అట్లాగే చెప్పాడు.

బీపీఎస్ అంటే ప్లాను లేకుండా, లేదా ప్లానుకు విరుద్ధంగా కట్టిన ఇళ్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఆఖరున ఒకసారి వచ్చింది. 2015లో మళ్లీ వచ్చింది, అదే ఏడాది తెలంగాణలో బీఆర్ఎస్ అని ఇంకో పేరుతో వచ్చింది. 2019లో మనకు మళ్లీ. ఇట్లాంటి క్రమబద్ధీకరణలు అలవాటుగా మారకూడదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఒక తీర్పులో గట్టిగానే మందలించింది. బాగుంది. కానీ కట్టేసినవాడిని క్షమించే తలుపు మూసేటప్పుడు, కట్టకముందు అడిగేవాడికి ఒక కిటికీ అయినా తెరవాలి కదా? లేకపోతే అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టే.

రూల్సులో సడలింపే లేదని ఎవరూ అనుకోకండి. ముందు వైపు తప్ప మిగతా పక్కల సెట్‌బ్యాక్ పది శాతం వరకూ తగ్గితే జరిమానాతో సర్దుకునే వీలుంది. మీటరులో పది శాతమంటే పది సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. రోడ్డు వెడల్పు చేయడానికి స్థలం ఉచితంగా వదిలిపెట్టిన వాళ్లకు సెట్‌బ్యాకుల్లో రాయితీ ఇస్తారు. వ్యవసాయ భూమిని మాస్టర్ ప్లానులో వాణిజ్య భూమిగా మార్చాలంటే దానికో పద్ధతి ఉంది, ప్రకటన వేసి, పదిహేను రోజుల్లో అభ్యంతరాలు చెప్పమంటారు. అంటే వినడం వాళ్లకు చేతనవును. రోడ్డు కోసం, వ్యాపారం కోసం చేతనవుతుంది. మంచాన పడ్డ ముసలామె కోసం మాత్రం చేతకాదు.

సెట్‌బ్యాకులు దండగ అని నేననడం లేదు. గాలీ వెలుతురూ రావాలి, నిప్పంటుకుంటే మనుషులు బయటికి పరుగెత్తాలి, పక్కింటి వాళ్ల కిటికీ మన గోడతో మూసుకుపోకూడదు. ఆదోని పాత బజారు సందుల్లో నడిచినవాళ్లకు ఆ విలువ తెలుసు. అయితే అవే సందుల్లో ఈ నిబంధనలు పుట్టకముందు కట్టిన, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లున్నాయి. ఎమ్మిగనూరులో మగ్గం గుంట ఇంట్లోనే ఉన్న కుటుంబాలున్నాయి. ప్లానులో దాన్ని గది అనాలా, పని అనాలా? 2020 డిసెంబరులో మొదలుపెట్టి పట్టణాల్లో పేదలకు ఒక్కో సెంటు చొప్పున ఆడవాళ్ల పేరు మీద పట్టాలిచ్చారు. సెంటంటే నలభై చదరపు మీటర్లు. ఆ ఇంట్లోకి రేపు కోడలు వస్తుంది, పురుడు వస్తుంది, ముసలితనమూ వస్తుంది. సెంటు మాత్రం పెరగదు. ఇన్ని రకాల ఇళ్లకు ఒకే కొలతబద్ద పట్టుకుని, కారణం అడిగే మనిషినే లేకుండా చేస్తే ఎట్లా?

మా చెల్లెలు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడా ఇట్లాంటి నిబంధనలే, ఇంకా కఠినం కూడా. కానీ ‘నా స్థలం తీరు ఇది, నాకీ ఇబ్బంది ఉంది, ఇంత మేరకు మినహాయింపు ఇవ్వండి’ అని ఊరి బోర్డు ముందుకు పోయి అడగొచ్చు. రెండు వందల అడుగుల లోపున్న ఆస్తుల వాళ్లందరికీ కనీసం పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అందరి ముందూ విచారణ జరుగుతుంది, పక్కింటాయన లేచి వద్దనొచ్చు. ఒప్పుకున్నా, కాదన్నా కారణం రాసివ్వాలి. అక్కడ అడిగినవాళ్లందరికీ దొరుకుతుందని కాదు. అడిగేందుకు ఒక చోటు ఉంది, అంతే.

‘మన దగ్గర పెడితే ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతారు, లంచాలు పెరుగుతాయి’ అంటారా? ఇప్పుడు లేవా? ఇప్పుడు ఆ మాటలు చెవిలో జరుగుతాయి. పక్కింటి వాళ్లను పిలిచి, పది మంది ముందు అడిగి, జవాబు గోడకు అంటిస్తే చెవిలో చెప్పుకునేది కొంతైనా తగ్గుతుంది. ‘ఆన్‌లైన్ వచ్చింది, ఇప్పుడు చిటికెలో పని’ అనే వాళ్లూ ఉన్నారు. తెలంగాణలో 2020 నుంచి 75 గజాల లోపు చిన్న ఇంటికి ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. మంచిదే. కానీ ఆ వేగం కొలతలో ఇమిడిన వాళ్లకు. కొలతలో ఇమడని ఇంటిని కంప్యూటరు ఇంకా వేగంగా తిప్పి పంపుతుంది.

ఇంకో మాట. పట్టా మన పేరు మీదే ఉంటుంది, సంతకమూ మనదే, ఆఫీసుకు పోయేది మాత్రం మగవాళ్లు. వాళ్లు ‘గది కావాలి సార్’ అంటారే గానీ, రోజుకెన్నిసార్లు పక్క గుడ్డ మార్చాల్సి వస్తుందో చెప్పలేరు, చెప్పుకోరు. ఆ విచారణ అంటూ ఉంటే మా ఆడబిడ్డే పోయి చెబుతుంది. నేనూ తోడు పోతాను.

ఎక్కువేమీ అడగడం లేదు. మునిసిపాలిటీలో నెలకొక రోజు, రెండు మూడు సెంట్ల ఇళ్ల వాళ్ల కోసం. పక్కిళ్ల వాళ్లను పిలవండి. వచ్చి దొడ్డి చూడండి, టేపు పెట్టి కొలవండి. గది అవసరం తీరాక తీసేయమని షరతు పెట్టినా సరే, రుసుము వేసినా సరే. కుదరదంటే ఎందుకు కుదరదో తెలుగులో రాసి, కింద సంతకం పెట్టి, ఆ కాగితం ఇంటావిడ చేతికివ్వండి.