శత్రువు వేషం కట్టినోళ్ల చావుకు లెక్క ఎవరు చెప్పాలె?

యుద్ధం లేదు. శత్రువు లేడు. ఒక్క తూటా పేలలేదు. అయినా 2014 జూన్ 23న జర్మనీలోని సావర్‌లాండ్ కొండల నడుమ, ఓల్స్‌బెర్గ్ పట్టణ పరిధిలోని ఎల్పే అనే చిన్న ఊరి పక్కన ఒక బుల్లి జెట్ విమానం కూలి అందులో ఉన్న ఇద్దరూ చనిపోయారు. విమానం లియర్‌జెట్ 35ఏ. మామూలుగా పెద్ద కంపెనీల దొరలు మీటింగులకు తిరిగే రెండింజన్ల విమానం. చనిపోయినోళ్లు సైనికులు కాదు. జర్మన్ సైన్యం శిక్షణలో ‘లక్ష్యం’గా ఎగరడమే వ్యాపారంగా పెట్టుకున్న ఒక కంపెనీ ఉద్యోగులు. గాలిలో ఆ విమానం ఢీకొన్నది జర్మన్ వైమానిక దళానికి చెందిన యూరోఫైటర్‌తో. ఆ ఫైటర్ దెబ్బతిన్నా నోర్వెనిష్ స్థావరానికి క్షేమంగా చేరుకుంది. కింద ఊళ్లో ఎవరికీ ఏమీ కాకపోవడం అదృష్టం.

ఇంతకూ వాళ్లు చేస్తున్న కొలువేమిటి? రేడియోకు జవాబివ్వని విమానం వేషం కట్టడం. నిజంగానే ఏదో ఒక ప్రయాణికుల విమానం దారి తప్పి, పిలిస్తే పలకకుండా నగరం మీదికి వస్తుంటే ఏం చేయాలి? ఫైటర్లు లేచి, దాని పక్కకు చేరి, లోపల ఎవరున్నారో చూసి, సైగలు చేసి దించాలి. ఈ పని కాగితం మీద రాదు. ఎవరో ఒకరు ఆ దారి తప్పిన విమానంగా నటించాలి. ఆ ‘ఎవరో ఒకరు’ కంపెనీ కూలీలు.

ఈ శిక్షణ అక్కర లేదని ఎవరూ అనరు, నేనూ అనను. 2003 జనవరి 5న ఒక మనిషి చిన్న మోటార్ గ్లైడర్‌ను ఎత్తుకుపోయి ఫ్రాంక్‌ఫర్ట్ నగరం మీద చక్కర్లు కొడుతూ, యూరోపియన్ కేంద్ర బ్యాంకు భవనాన్ని గుద్దుతానని బెదిరించాడు. నగరం నడిబొడ్డు ఖాళీ చేయించాల్సి వచ్చింది. 2005 ఆగస్టు 14న గ్రీసు మీద హీలియోస్ కంపెనీ బోయింగ్ పలకకుండా తిరుగుతుంటే రెండు ఎఫ్-16లు పక్కకు వెళ్లి చూశాయి. కెప్టెన్ సీటు ఖాళీ, కో-పైలట్ సోయి లేకుండా వాలిపోయి ఉన్నాడు. ఇంధనం అయిపోయి విమానం కూలింది, 121 మంది పోయారు. కాబట్టి ఆపద ఊహ కాదు. దానికి సిద్ధం కావాల్సిందే.

అయితే అదే జర్మనీలో ఇంకో ముచ్చట జరిగింది. హైజాక్ అయిన ప్రయాణికుల విమానాన్ని కూల్చేయడానికి సైన్యానికి అధికారమిస్తూ 2005లో చట్టం తెచ్చారు. 2006 ఫిబ్రవరి 15న వాళ్ల రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టేసింది. కింద ఉన్నవాళ్లను కాపాడే పేరుతో విమానంలోని నిరపరాధులను రాజ్యం ఉత్త వస్తువులుగా చూడరాదు, అది మనిషి గౌరవానికే విరుద్ధం అన్నది. గొప్ప తీర్పు. మరి ఆ ప్రయాణికుల విమానంగా నటించడానికి రాజ్యమే డబ్బిచ్చి పంపిన ఇద్దరి సంగతో? వాళ్లను మనుషులుగా చూసింది ఎంత, ఎగిరే దిష్టిబొమ్మగా చూసింది ఎంత?

ఒక్క తేడా చూడండి. యూరోఫైటర్ పైలట్ కింద ఇజెక్షన్ సీటు ఉంటుంది. ఆపదొస్తే హ్యాండిల్ లాగితే చాలు, పారాచూట్‌తో బయట పడతాడు. లియర్‌జెట్‌లో అది లేదు, ఉండదు, ఎందుకంటే అది యుద్ధానికి చేసిన బండి కాదు. రెండూ ఒకే ఆకాశంలో, ఒకే ఆటలో, ఒకదానికొకటి ఆనుకున్నంత దగ్గరగా ఎగురుతాయి. తప్పు ఎవరిదైనా కావచ్చు, చావు మాత్రం ఒక పక్కకే రాసిపెట్టి ఉంది.

దర్యాప్తు సంస్థ ఏం తేల్చింది? లియర్‌జెట్ మలుపు తిరుగుతోంది. మలుపు లోపలి వైపు ఫైటర్ ఉంది. అది కంటికి ఆనకుండా పోయినా మలుపు ఆపలేదు, విమానం ఇంకా వాలింది, తగిలింది. అంటే చనిపోయినోళ్ల తప్పు! సాంకేతికంగా కావచ్చు, దర్యాప్తును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి విన్యాసాల్లో ఉన్న ప్రమాదాన్ని ముందే సరిగా అంచనా కట్టలేదని కూడా ఆ నివేదిక అన్నది. ఆ రెండో మాట మీద ఎవరి చూపూ నిలవదు. ‘పైలట్ పొరపాటు’ అనే రెండు ముక్కలు చదివి ఫైలు మూసేస్తారు. మన దగ్గర బస్సు లోయలో పడితే డ్రైవర్, కరెంటు స్తంభం మీద లైన్‌మన్ మాడిపోతే లైన్‌మన్. చచ్చినోడు జవాబు చెప్పుకోలేడు కదా.

ఇది ఒక్క జర్మనీ కథ అయితే మరిచిపోవచ్చు. అమెరికాలో కాలిఫోర్నియా తీరాన పాయింట్ ముగూ అనే నౌకాదళ స్థావరం ఉంది. 2011 మే 18న అక్కడ ఒక ప్రైవేటు కంపెనీ నడిపే బోయింగ్ 707 ఇంధన ట్యాంకర్ టేకాఫ్‌లోనే ఇంజన్ ఊడి కూలింది, ముగ్గురు సిబ్బంది ఎట్లనో బయటపడ్డారు. సరిగ్గా ఏడాదికి, 2012 మే 18న, నౌకాదళానికి శత్రు విమానంగా ఎగిరే కాంట్రాక్టు హాకర్ హంటర్ కూలి పైలట్ పోయాడు. 2014 అక్టోబర్ 29న మరో హంటర్, మరో పైలట్. హంటర్ ఏ కాలం నాటిది? తొలిసారి ఎగిరింది 1951లో! 2023 మే 10న అక్కడి నుంచే లేచిన కాంట్రాక్టు లియర్‌జెట్ సాన్ క్లెమెంటే దీవి దగ్గర సముద్రంలో కూలి ముగ్గురు చనిపోయారు. యుద్ధంలో పోయిన సైనికుల జాబితాలు గోడల మీద చెక్కుతారు. వీళ్లు ఆ లెక్కలోకి రారు.

ఎందుకీ కాంట్రాక్టు? లెక్క సీదా. ఫైటర్‌ను గంట ఎగరేయడం ఖరీదు, దాని ఆయువు తరుగుతుంది. బిజినెస్ జెట్ చౌక, పాత హంటర్ కూడా చౌకే. పైలట్‌కు పెన్షన్ పాత కొలువు నుంచి వస్తుంటుంది, కొత్త బాధ్యత కంపెనీది. ‘వాళ్లలో చాలామంది మాజీ సైనికులే, ప్రమాదం తెలిసే వచ్చారు, జీతం తీసుకున్నారు’ అని అంటారు. నిజమే. బొగ్గుబాయిలోకి దిగే కార్మికునికీ ప్రమాదం ఎరుకే. అంతమాత్రాన కప్పు కూలితే యాజమాన్యం చేతులు కడుక్కోవచ్చా?

ఇది మనకు దూరపు ముచ్చట అనుకోవద్దు. 2023 డిసెంబర్ 4న దుండిగల్ నుంచి లేచిన శిక్షణ విమానం తూప్రాన్ దగ్గర కూలి ఇద్దరు పైలట్లు పోయారు. వాళ్లు వైమానిక దళం మనుషులు. దళమే ముందుకొచ్చి తన వాళ్లని చెప్పింది, విచారణకు ఆదేశించింది. వాళ్లే ఏదో కంపెనీ కిరాయి పైలట్లయితే ఆ మాట ఎవరు చెప్పేవారు? సైన్యంలోకి కాంట్రాక్టు లెక్క రాదని భ్రమపడేవాళ్లకు 2022 జూన్ గుర్తు చేయాలి. నాలుగేళ్ల నౌకరి, నూటికి 75 మందికి ఆ తర్వాత ఇంటిదారి, పెన్షన్ లేదు అని అగ్నిపథ్ తెస్తే, జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో పిల్లలు తిరగబడ్డారు. కాల్పుల్లో వరంగల్ జిల్లా బిడ్డ ఒకడు ప్రాణం విడిచాడు. శిక్షణ సహాయం కూడా రేపు టెండర్‌కు వస్తే ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు.

వస్తే రానీ. కానీ ఆ టెండర్‌లో మొదటి పేజీలోనే కొన్ని మాటలు ఉండాలె. ఇజెక్షన్ సీటు లేని విమానం దగ్గరికి ఫైటర్ ఎంత దూరం దాకా రావచ్చో కంపెనీ కాదు, సైన్యమే నిర్ణయించి రాయాలె. ఒకరికొకరు కంటికి కనబడకపోతే ఎవరు పక్కకు తప్పుకోవాలో ముందే తేలాలె. చనిపోతే సైనికుని కుటుంబానికి వచ్చేదంతా ఆ పైలట్ కుటుంబానికీ రావాలె, కంపెనీ దివాలా తీసినా సరే, సర్కారు నుంచే.