కాంటనీసు పూటకూళ్ళు: ఒక భాషాపాఠం

ఒక భాష పరదేశంలో ఎంత ధైర్యంగా బతుకుతున్నదో తెలుసుకోవాలంటే ఆ భాషవారి పూటకూళ్ళింటికి వెళ్ళి పదార్థాల పట్టిక చూడాలని నా అభిప్రాయం. సభలలో, సావనీర్లలో భాష పట్టుబట్టలు కట్టుకొని కనిపిస్తుంది. వంటింటి గడప దగ్గర ఇంటిబట్టలతో ఉంటుంది. ఈ సంగతి నాకు బోధపడినది శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి పడమటి కొసన, సన్‌సెట్ అనే పేటలో, ఒక చిన్న కాంటనీసు భోజనశాలలో. అమెరికాలో పిల్లల దగ్గర కొన్ని నెలలు గడిపి వచ్చే నా వయసువారిలో కొందరికైనా ఆ పేట తెలిసే ఉంటుంది.

కాంటనీసు దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు భాష. హాంకాంగ్, మకావులలోనూ అదే వాడుక. చైనా అధికారభాష మాండరిన్‌కూ దీనికీ లిపిలో చుట్టరికం ఉన్నా, ఒకటి వచ్చినవారికి రెండవది చెవికి అందదు. ఇక వంట సంగతి. మన ఊళ్ళలో సాయంకాలం బండిమీద ఎర్రగా వేగే మంచూరియా భారతదేశంలోనే పుట్టిన వంటకం. కాంటనీసువారి వంటకూ దానికీ పోలిక లేదు. వీరి వంటకు ప్రాణం పదార్థపు సహజరుచి. అల్లం, ఉల్లికాడలు, కొద్దిగా సోయా రసం, అంతటితో సరి. కారానికి అలవాటుపడిన మన నాలుకకు మొదట చప్పగా తోస్తుంది. రెండు మూడుసార్లు తిన్న తరువాత గాని ఆకుకూరకు తనదైన తీపి ఒకటి ఉన్నదని తెలియదు. శాకాహారులు మాత్రం ఆకుకూరపై పోసే ఆయిస్టర్ సాస్ ఆల్చిప్పల రసమని గుర్తుంచుకొని, వద్దని ముందే చెప్పాలి.

కూర్చోగానే తేనీటి కూజా వస్తుంది. పగటిపూట చిరుతిండ్లతో సాగే ఈ భోజనాన్ని వారు 'యమ్ చా' అంటారు. 'తేనీరు తాగడం' అని అర్థం. ఆ తిండ్ల పేరు 'దిమ్ సమ్'. అక్షరార్థం చూస్తే 'హృదయాన్ని తాకేది'. మన 'హృద్యం' అన్న మాటకు ఇంత దగ్గరి మాట మరొకచోట దొరకడం అరుదు. కూజా ఖాళీ అయితే ఎవరినీ పిలవనక్కరలేదు, మూత కొంచెం తెరిచి పెడితే చాలు. పక్కవారు మన గిన్నెలో తేనీరు పోస్తే రెండువేళ్ళతో బల్లమీద మెల్లగా తట్టడం కృతజ్ఞత చెప్పే పద్ధతి. మారువేషంలో తిరుగుతున్న చియెన్‌లుంగ్ చక్రవర్తి స్వయంగా తేనీరు పోసినప్పుడు, సాగిలపడితే గుట్టు బయటపడుతుందని పరివారం వేళ్ళతోనే నమస్కరించిందని ఒక కథ చెబుతారు.

ఆ బల్లమీదికి వచ్చే మాటలు మనకు మరీ దూరపువి కావు. 'చా' అన్న చీనా మాటే పారసీకం మీదుగా వచ్చి తెలంగాణలో 'చాయ్' అయింది. ఫుజియెన్ తీరపు ఉచ్చారణ 'తె' ఐరోపావారి ఓడలెక్కి వచ్చి మనకు 'టీ', 'తేయాకు', 'తేనీరు' ఇచ్చింది. బియ్యాన్ని చాలాసేపు ఉడికించి చేసే జావను వారు 'జూక్' అంటారు. ఇంగ్లీషు పట్టికలో దాని పేరు 'కాంజీ'. అది మన గంజే! తమిళ కంజి, తెలుగు గంజి పుట్టిన ద్రావిడ కుదురునుండి ఆ మాట పోర్చుగీసువారి నోట పడి ఇంగ్లీషులో చేరింది. శాకాహారులకు దొరికే 'లో హాన్ జాయ్' అనే కూరలో 'లో హాన్' అంటే ఎవరో కాదు, బౌద్ధుల అర్హతుడు. సంస్కృతపు 'అర్హత్' చీనా నోట అరిగి అరిగి అలా మిగిలింది. అమరావతి, నాగార్జునకొండ మన నేలమీద ఉండగా, ఆ కూర ముందు కూర్చున్న తెలుగువాడు పరాయివాడినని అనుకోనక్కరలేదు.

అసలు నన్ను ఆకర్షించినది గోడ. అచ్చువేసిన పట్టికలో రెండు భాషలూ ఉన్నాయి. గోడకు అంటించిన రంగుకాగితాలమీద మాత్రం ఆనాటి ప్రత్యేక వంటకాలు చీనాలిపిలోనే చేతిరాతతో ఉన్నాయి. అది గర్వమని కొందరు అనవచ్చు. వీరి చరిత్ర తెలిస్తే అలా అనలేము. 19వ శతాబ్దం నడుమ బంగారపు వేట కాలంలో ఈ తీరానికి వచ్చిన చైనీయులలో అత్యధికులు గ్వాంగ్‌డాంగ్‌వారు. 1882లో అమెరికా చైనీయ కూలీల రాకను చట్టం చేసి నిషేధించింది. ఆ చట్టం 1943 దాకా రద్దు కాలేదు. వర్తకులకు మాత్రం మినహాయింపు ఉండేది. 1915లో ఒక కోర్టు తీర్పుతో భోజనశాల యజమానులకూ వర్తకులుగా ఆ మినహాయింపు పొందే దారి ఏర్పడగా, దేశమంతటా చైనా భోజనశాలలు పెరిగాయి. అన్నం పెట్టి ఆ దేశంలో చోటు సంపాదించుకున్నారు. పరాయివారి నాలుకకోసం చాప్ సూయీ వంటివి వండారు, నిజమే. కాని దానికీ తమ మాటే పేరుగా నిలిపారు. దిమ్ సమ్, వోక్, బోక్ చోయ్ అన్నీ కాంటనీసు మాటలే. 'యమ్ చా', 'చార్ సియూ' 2016లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకెక్కాయి.

అంతమాత్రాన కాంటనీసు క్షేమంగా ఉన్నదని చెప్పలేము. 2010లో గ్వాంగ్‌జౌ నగర టెలివిజన్‌లో మాండరిన్‌ను ముందుకు తేవాలన్న ప్రతిపాదన వస్తే జనం వీధికెక్కవలసి వచ్చింది. 2020లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కాంటనీసు బోధనకు కోత పడినప్పుడు పూర్వవిద్యార్థులు ఉద్యమించారు. నేను చూసిన భోజనశాలలోనూ అవ్వ కాంటనీసులో అడుగుతుంటే మనుమలు ఇంగ్లీషులో బదులిస్తున్నారు. వంటకాల పేర్లు మిగిలినంతమాత్రాన భాష మిగలదు. అవి కూడా పోయిన ఇంట మాత్రం భాషకు తిరిగివచ్చే దారే ఉండదు.

ఇక మన సంగతి. విదేశాలలో, ఆ మాటకొస్తే హైదరాబాదులోనే కొన్ని పెద్ద హోటళ్ళలో, పెసరట్టు 'గ్రీన్ గ్రామ్ క్రేప్' అయింది. పులిహోర 'టామరిండ్ రైస్'గా మారింది. గోంగూర పప్పును 'సోరెల్ దాల్' అంటున్నారు. కొత్తవారికి అర్థం కావాలి కదా అంటారు. కావాలి, కాదనను. ముందు పేరు వేసి, కింద వివరణ వ్రాయవచ్చు. 'దిమ్ సమ్' పలకడం నేర్చుకున్న నాలుకకు 'పెసరట్టు' కష్టం కాదు. వివరణనే పేరుగా పెట్టడం వడ్డించేవాడి సౌకర్యం. అందులో తినేవాడిపట్ల గౌరవమేమీ లేదు. పోనీ అతడు అలా వ్రాశాడనుకుందాం, మనం పిల్లల ముందు ఆ ఇంగ్లీషు పేరుతోనే అడగడం ఎందుకు?

మీ ఊరి తెలుగు భోజనశాలకు ఈసారి వెళ్ళినప్పుడు పట్టికలో ఎన్ని తెలుగు పేర్లు మిగిలాయో చూడండి. లేనివాటిని తెలుగులోనే అడగండి, మీ పిల్లలచేతా అడిగించండి. ఏమి జవాబు వచ్చిందో తెలిపితే సంతోషిస్తాను.