పనిముట్టు కూడా హలాల్ కావాలి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల తండ్రులెందరో గల్ఫ్‌లో చెమటోడ్చి పంపే సొమ్ముతో పిల్లలు కంప్యూటర్ విద్య నేర్చుకుంటున్నారు. సంతోషం. అయితే వెబ్ డిజైన్ కోసం ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను దొంగ ప్రతిగా తెచ్చుకోవడం పరుల శ్రమను హరించడమే. ఆ అవసరమూ లేదు.

హెచ్‌టీఎంఎల్ సాదా అక్షరాలతో రాసేది. విండోస్‌లోని నోట్‌ప్యాడ్ చాలు. ఖాయిదాలో అలిఫ్, బే దిద్దినట్లు ట్యాగులను స్వయంగా రాస్తే పునాది గట్టిపడుతుంది. తరువాత నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్, విజువల్ స్టూడియో కోడ్ వాడవచ్చు, రెండూ ఉచితమే. ట్యాగులను రంగుల్లో చూపుతాయి గనుక పొరపాటు త్వరగా కనబడుతుంది. ఫైలును యూటీఎఫ్-8గా భద్రపరచి, పేజీ తలభాగంలో ఆ సంగతి ప్రకటిస్తే తెలుగు అక్షరాలు చెదరవు. ఉర్దూ పేరాకు ‘డిఐఆర్’ గుణాన్ని ‘ఆర్‌టీఎల్’గా పెడితే పంక్తి కుడినుండి నడుస్తుంది.

తల్లిదండ్రులారా! వేల రూపాయల ఫీజు కట్టేముందు కొడుకుతోనైనా, కూతురుతోనైనా ఒక చిన్న పేజీ రాయించి చూడండి. ఆసక్తి తేలుతుంది. సంపాదనకు దారితీసే తొలి అడుగే శుద్ధమైతే, ఇన్షా అల్లాహ్, ఆ సంపాదనలో బర్కత్ ఉంటుంది.